అర్దియాకు వచ్చిన మంచుకొండ

కువైట్‌లో నేను మొట్టమొదట పనిచేసింది అర్దియాలో ఒక ఐసు ఫ్యాక్టరీలో. డెబ్బయ్యో దశకం చివరి రోజులు. కాకినాడలో డిప్లొమా చదివి, అక్కడే రేవు దగ్గర రొయ్యలకి ఐసు తయారుచేసే చోట కొంతకాలం పనిచేసి, ఆ అనుభవం చూపించి వీసా సంపాదించుకున్నాను. కోనసీమలో నీళ్ళ మధ్య పుట్టి పెరిగినవాణ్ణి కాబట్టి ఆ ఎండకీ ఇసుకకీ తట్టుకోలేనని ఇంట్లో అందరూ భయపడ్డారు. ఎండకి అలవాటు పడడానికి నాకు ఎక్కువకాలం పట్టలేదు. ఆ ఫ్యాక్టరీ ఐసుకి మాత్రం చివరిదాకా అలవాటు పడలేకపోయాను.

పెద్ద సిమెంటు తొట్టెలో చిక్కటి ఉప్పునీళ్ళు. వాటిని అమ్మోనియా గొట్టాలు చల్లబరుస్తాయి. ఆ ఉప్పునీళ్ళలోకి మంచినీళ్ళు నింపిన రేకు డబ్బాలు దించితే డబ్బాల్లో నీళ్ళు దిమ్మల్లా గడ్డకడతాయి. పద్ధతిగా చేస్తే అంతకన్నా శుభ్రమైన పని లేదు. కానీ మా డబ్బాల అడుగులు తుప్పు తిని చిల్లులు పడ్డాయి. తొట్టెలోని మురికి ఉప్పునీళ్ళు లోపలికి ఊరేవి. దిమ్మ బయటికి తీసేసరికి నడిమధ్య పసుపుపచ్చగా, పుండు మీద కట్టిన చీములా ఒక గీత. ఒక్కోసారి ఆ గీత పక్కనే బొద్దింక, కాళ్ళు చాచుకుని, మీసాలతో సహా, అద్దాల బీరువాలో పెట్టినంత స్పష్టంగా కనిపించేది. అదే దిమ్మ చేపల బజారుకీ వెళ్ళేది, మండుటెండలో కట్టడం పని చేసే కూలీల మంచినీళ్ళ పీపాల్లోకీ వెళ్ళేది.

మా ముదీర్, అంటే మేనేజరు, బొంబాయి మనిషి. జేబులో ఎప్పుడూ ఒక చిన్న దువ్వెన ఉండేది. డబ్బాలు మార్చాలని నేను అడిగినప్పుడల్లా ఆ దువ్వెన తీసి తల దువ్వుకుంటూ, నవ్వుతూ హిందీలో అనేవాడు.

"గడ్డకట్టాక పురుగైనా రోగమైనా చచ్చిపోవలసిందే. డిప్లొమా చదివావు, ఆ మాత్రం తెలీదా?"

"చావవండి సార్. నిద్రపోతాయంతే. కరిగాక మళ్ళీ లేస్తాయి."

"అయితే తాగేవాళ్ళు లేపుకుంటారులే. యల్లా, పని చూడు."

ఫ్యాక్టరీ వెనక రేకుల గదిలో నాతో పాటు ఉండేది ఐసు లారీ నడిపే డ్రైవరు. రాయచోటి ఆయన, నాకంటే బాగా పెద్దవాడు. నేను భాయ్ అని పిలిచేవాణ్ణి, ఆయన నన్ను నాయనా అనేవాడు. గది మూలలో ఇసుక మీద ఒక మట్టి కూజా పెట్టుకుని, గోనెపట్టా తడిపి చుట్టి, అందులో నీళ్ళే తాగేవాడు.

"పొద్దస్తమానం ఐసు మోస్తాండా గానీ, ఒగ ముక్క నోట్లో ఏసుకుండింటే ఒట్టు," అనేవాడు. "ఆ కూలోళ్ళు తాగతాంటే సూడల్యాక మొగం పక్కకి తిప్పుకుంటా."

ఇక మా కఫీల్, అంటే మాకు వీసా ఇచ్చిన యజమాని. ఫ్యాక్టరీ ఆయనది, అక్కడ ఉండడానికి అనుమతిచ్చే మా ఇఖామాలు ఆయన పేరు మీదవి. వారానికోసారి మడమల దాకా వేలాడే, ఇస్త్రీ నలగని తెల్ల దిష్‌దాషాలో వచ్చి, ఆఫీసు గదిలో టీ తాగి వెళ్ళేవాడు. చెడ్డగా అరిచే మనిషి కాదు. ఇంగ్లీషు బాగా వచ్చు. ఒకరోజు నేను కంప్రెసరు సంగతి చెప్పడానికి వెళ్తే, ఏదో ధ్యాసలో పడి తన చిన్నతనం చెప్పడం మొదలుపెట్టాడు. ఊళ్ళో తాగేనీళ్ళు లేని రోజుల్లో వాళ్ళ నాన్న ఉత్తరాన ఉన్న నది దాకా పడవ వేసుకుని వెళ్ళి నీళ్ళు నింపుకొచ్చేవాడట. ఆ నీళ్ళు తోలుసంచుల్లో ఇల్లిల్లూ తిరిగి అమ్మేవారట.

"సంచి అడుగున పురుగులు ఈదేవి. మా అమ్మ తన ముసుగు గుడ్డలో వడపోసి మాకు పోసేది. నా తమ్ముడు ఆ నీళ్ళతోనే పోయాడు," అన్నాడు.

ఆ మాట విని నా గుండె కరిగింది. ఇదే అదను అనుకుని, మన డబ్బాలు కూడా చిల్లులు పడ్డాయండీ, జనం తాగే ఐసు పాడవుతోంది అన్నాను. ఆయన టీ గ్లాసు కింద పెట్టి, "అది ముదీర్ చూసుకుంటాడు," అన్నాడు. అంతే. మురికినీళ్ళకి తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషి ఆ మాట అంత తేలిగ్గా ఎలా అనగలిగాడో నాకు ఇప్పటికీ అర్థం కాదు. ఆయన మీద నాకు రోత పుట్టడం ఆరోజే మొదలైంది.

ఆ రోజుల్లో గల్ఫ్ అంతా ఒక మాట షికారు చేస్తుండేది. ధ్రువాల దగ్గర సముద్రంలో తేలే మంచుకొండల్ని ఓడలకి కట్టి లాక్కొస్తే ఎడారి దేశాలకి నీటి కరువు తీరుతుందని. మగవాళ్ళు కూర్చుని కబుర్లు చెప్పుకునే దివానియాలో ఎవరో ఈ సంగతి మా కఫీల్ చెవిన వేశారు. జ్వరం తగులుకున్నట్టు తగులుకుంది ఆయనకి. వారానికోసారి వచ్చే మనిషి రోజూ వచ్చి, మా దిమ్మల్ని చేత్తో తట్టి చూస్తూ, "కొండంత! కొండంత!" అని తనలో తాను అనుకునేవాడు. చివరికి యూరప్ నుంచి మంచు మీద పరిశోధన చేసే ఒక శాస్త్రవేత్తని తన ఖర్చుతో పిలిపించాడు.

జహ్రాలో కఫీల్ ఇంటి దివానియాలో ఒక సాయంత్రం ఆయన ఉపన్యాసం. స్లయిడ్లు చూపించే మిషను నడపడానికి, "మా ఇంజనీరు" అని నలుగురికీ చూపించుకోవడానికి నన్ను రమ్మన్నారు. నాకు కోటు లేదని ముదీర్ తనది తొడిగించాడు. చంకల దగ్గర పాత చెమట ఎండి అట్టకట్టింది, దాని మీద అత్తరు కుమ్మరించాడు. ఊపిరి బిగబట్టుకునే మిషను పక్కన నిలబడ్డాను.

శాస్త్రవేత్త పొడుగ్గా, సన్నగా, మా ఎండకి ముక్కు తోలు ఊడిపోయి ఉన్నాడు. మెల్లగా మాట్లాడతాడు. మొదటి స్లయిడు గోడ మీద పడగానే నేను కోటు వాసన మరిచిపోయాను.

సముద్రంలో తేలే మంచుకొండ సముద్రపు నీళ్ళు గడ్డకట్టి పుట్టినది కాదని మొదట చెప్పాడు. నేల మీద ఏళ్ళ తరబడి కురిసిన మంచు పొర మీద పొర పడి, తన బరువుకి తానే అణిగి, గట్టి ఐసు అవుతుంది. అందుకే అది ఉప్పు లేని మంచినీరు. అంత బరువు ఒకచోట నిలవలేదు. కొండ లోయల్లోంచి పల్లానికి జారుతుంది, చూస్తే కదలనట్టే ఉంటుంది కానీ ఏటికేడాది ముందుకి వస్తూనే ఉంటుంది. అది హిమానీనదం. సముద్రం చేరాక కొన్నిచోట్ల దాని అంచు నేల విడిచి నీళ్ళ మీద తేలుతూ, ఒక జిల్లా అంత వెడల్పున పలకలా పరుచుకుంటుంది. వెనకనుంచి కొత్త మంచు నెడుతూ ఉంటుంది. కింద ఆటుపోట్లు దాన్ని పైకీ కిందకీ వంచుతుంటాయి. పైన వేసవిలో కరిగిన నీరు పగుళ్ళలోకి దిగి, ఆ పగుళ్ళని ఇంకా లోతుకి చీలుస్తుంది. అడుగున కాస్త వెచ్చటి నీరు మంచుని తొలిచేస్తుంది. ఒకనాటికి పగులు ఈ వైపు నుంచి ఆ వైపుకి చేరుతుంది. అప్పుడు ఆ ముక్క విడిపోతుంది.

తర్వాతి స్లయిడ్లలో అది విడిపోవడం చూశాను. ఎన్నో తాటిచెట్లంత ఎత్తున్న నీలపు గోడ నిలువునా ఒరిగిపోతోంది. కింద నీళ్ళు లేచి తెల్లటి పొగలా ఉన్నాయి. దక్షిణాన పలకల నుంచి విడిపోయేవి బల్లపరుపుగా, కోసిన బర్ఫీలా ఉంటాయట. ఉత్తరాన లోయల నుంచి పడేవి కోసుగా, వంకరటింకరగా ఉంటాయట. విడిపోయినప్పుడు ఫిరంగి పేలినట్టు చప్పుడు వస్తుందనీ, ఆ తర్వాత చాలాసేపు ఎవరికీ మాట రాదనీ ఆయన అన్నాడు.

దివానియాలో మాత్రం మాటలకి కొదవలేదు. గోడల వెంబడి దిండ్లకి ఆనుకున్న పెద్దమనుషులు పిస్తాపప్పు తొక్కలు తివాచీ మీదే ఉమ్ముతూ వింటున్నారు. ఒకాయన పళ్ళ సందులో పుల్ల పెట్టి తీసింది చూసుకుని, మళ్ళీ నోట్లో వేసుకున్నాడు.

"అది విడిపోయేదాకా మనం ఎందుకు ఆగాలి? డైనమైట్ పెడితే?" అని మా కఫీల్ అడిగాడు.

"ఎందుకండీ? దానంతట అదే విడిపోతుంది," అన్నాడు శాస్త్రవేత్త.

"అది ఎవరిది?"

"ఎవరిదీ కాదు."

"అయితే నాది," అన్నాడు కఫీల్. అందరూ పడీపడీ నవ్వారు.

శాస్త్రవేత్త నవ్వలేదు. మంచుకొండలో పది భాగాలుంటే దాదాపు తొమ్మిది నీళ్ళలోనే ఉంటాయనీ, గల్ఫ్ సముద్రం దానికి సరిపడా లోతు లేదనీ, దారిలో ఎక్కడో నేల తన్ని ఆగిపోతుందనీ, ఈలోగా వెచ్చటి నీళ్ళలో కరిగి ముక్కలైపోతుందనీ ఓపిగ్గా చెప్పాడు. కఫీల్ తల ఊపాడు. ఆ తల ఊపడం చూస్తేనే తెలిసింది, ఒక్క మాట కూడా లోపలికి వెళ్ళలేదని.

మర్నాడు శాస్త్రవేత్త మా ఫ్యాక్టరీ చూడడానికి వచ్చాడు. తొట్టె దగ్గర నిలబడి, ఒక డబ్బా అంచు పట్టుకుని వదిలేసి, చేతికంటిన తుప్పు జిగురుని రుమాలుతో తుడుచుకున్నాడు. నా వైపు చూశాడు. నాకు సిగ్గేసింది. మాట మార్చడానికి, మా ఊరి వైపు కూడా మీరు చెప్పినట్టే జరుగుతుందండీ అన్నాను. గోదావరి వరదకి లంకల అంచులు పెళ్ళలు పెళ్ళలుగా విరిగి పడడం, ముందు అడుగున ఏరు తొలిచేయడం, పైన గడ్డిలో సన్నని నెర్రె కనిపించడం, ఆ నెర్రె చూడగానే మా పెద్దవాళ్ళు గేదెల్ని విప్పి వెనక్కి తోలడం, తర్వాత కొబ్బరిచెట్లతో సహా గట్టు నీళ్ళలో కూర్చోవడం, అంతా చెప్పాను.

ఆయన ముఖం వెలిగిపోయింది. "దాదాపు అంతే! అడుగున తొలచడం, పైన నెర్రె, తర్వాత కూలడం. ఒక్కటే తేడా. మీ గట్టు పడితే ఆ నేల పోయినట్టే. మంచు మాత్రం వెనకనుంచి వస్తూనే ఉంటుంది. కురిసినంత విడిచిపెడుతుంది. అది దానికి ఊపిరి వదలడం లాంటిది," అన్నాడు.

కువైట్‌లో నేను గడిపిన రోజుల్లో మనసుకి హాయిగా ఉన్న గంట ఏదైనా ఉందంటే అదే.

కొండ రాదని తేలినా కఫీల్ ఊరుకోలేదు. కనీసం ఒక ముక్కయినా తెప్పించి, పెద్ద విందు చేసి, డబ్బున్నవాళ్ళని తన పథకంలోకి లాగాలని చూశాడు. గ్రీన్‌లాండ్ వైపు చేపలు పట్టే ఓడవాళ్ళతో ఎవరి ద్వారానో మాట్లాడి, నీళ్ళలో తేలుతున్న ముక్కనొకదాన్ని ఓడలోకి లాగించి, శీతల కంటైనర్లో పెట్టించాడు. అది ఎన్నో రేవులు మారి, మండువేసవిలో షువైఖ్ రేవుకి చేరింది. భాయ్, నేను లారీ వేసుకుని వెళ్ళాం.

కంటైనరు తలుపు గడియ తీశామో లేదో, భాయ్ రెండడుగులు వెనక్కి వేసి కక్కుకున్నాడు.

"యా అల్లా! ఏంది నాయనా ఇది! పీనుగని పెట్టి పంపినారా ఏంది!"

దారిలో ఎక్కడో కరెంటు పోయిందట. ఖాళీగా రావడం దండగని ఆ ఓడవాళ్ళు అందులోనే చేపల పెట్టెలు కూడా సర్దారు. పెట్టెలు కరిగి, చేపలు కుళ్ళి, ఆ రసమంతా మంచు మీదుగా కారి, మళ్ళీ కరెంటు వచ్చాక గడ్డకట్టింది. గోధుమరంగు జిగురు, అందులో పొలుసులు, పేగులు, తెల్లబడ్డ చేప కళ్ళు. వాటన్నిటి మధ్య ఎద్దుబండి అంత మంచుముక్క, వేల మైళ్ళు దాటి వచ్చింది, పెంటకుప్పలో పడేసిన దేవుడి బొమ్మలా ఉంది.

ముక్కుకి గుడ్డలు కట్టుకుని దాన్ని లారీలోకి ఎక్కించాం. అర్దియా తెచ్చి, చల్లగదిలో పెట్టి, నేను ఉలితో పైపొర చెక్కడం మొదలుపెట్టాను. చేతులకి ఎన్ని గుడ్డలు చుట్టుకున్నా ఆ జిగురు గోళ్ళలోకి దూరింది. తర్వాత చాలా రోజులు అన్నం చెంచాతోనే తిన్నాను. జానెడు లోతు చెక్కాక, ఉన్నట్టుండి కంపు ఆగిపోయింది. ఉలి కింద నీలం. తెల్లవారుజామున ఆకాశం అంచున ఉండే లేత నీలం. ఒకచోట సన్నటి మట్టిచార ఉంది. హిమానీనదం జారేటప్పుడు కింద రాయిని అరగదీసిన పిండి అది.

చిన్న చెక్కు తీసి నీళ్ళ గ్లాసులో వేశాను. చిటపటలాడింది, పోపులో ఆవాలు వేసినట్టు.

"మాట్లాడతాందే!" అన్నాడు భాయ్, చెవి దగ్గర పెట్టుకుని.

"లోపల పాతకాలం గాలి ఉందండీ భాయ్. బరువుకి అణిగి చిన్నచిన్న బుడగలైపోయింది. కరిగేకొద్దీ బయటికి వస్తోంది."

"ఎంత పాతదంటావు?"

"మన ఊళ్ళు లేనప్పటిది."

ఆయన చాలాసేపు వింటూ కూర్చున్నాడు. ఐసు ముక్క నోట్లో వేసుకోనని ఒట్టేసిన మనిషి, ఆ చెక్కుని నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు.

విందు కఫీల్ జహ్రా ఇంటి పెరట్లో, పెద్ద గుడారం కింద, మధ్యాహ్నం నమాజు అయ్యాక. మంచు ముక్కని ఇత్తడి పళ్ళెం మీద నిలబెట్టి, చుట్టూ గులాబీలు పేర్చారు. నేను చెక్కిందే అయినా, వేడికి లోపలి సందుల్లోంచి చేపకంపు మళ్ళీ పైకి వస్తోంది. కఫీల్ ముక్కు చిట్లించి, పన్నీరు బుడ్డీలు తెప్పించి దాని మీద గుమ్మరించాడు. పన్నీరు, కుళ్ళిన చేప కలిస్తే వచ్చే వాసన ఎలాంటిదో నేను రాయలేను.

విందుకని కఫీల్ మళ్ళీ పిలిపించిన శాస్త్రవేత్త వచ్చి, దగ్గరగా వాసన చూసి, కఫీల్‌ని పక్కకి పిలిచాడు. "దీన్ని ఎవరికీ తాగించకండి. చూడనివ్వండి, చాలు," అన్నాడు.

"మీరు శాస్త్రం చూసుకోండి. అతిథులు నా అతిథులు," అని కఫీల్ ఆయన భుజం తట్టాడు. శాస్త్రవేత్త అక్కణ్ణుంచి వెళ్ళి గుడారం బయట ఎండలో నిలబడ్డాడు.

పుదీనా వేసిన నిమ్మరసం గ్లాసుల్లో ముక్కలు వేసి అందించాం. చిటపట మొదలవగానే గుడారమంతా చప్పట్లు. గ్లాసుల్ని చెవులకి ఆనించుకుని చిన్నపిల్లల్లా కేరింతలు కొట్టారు. ఆ కాసేపు వాళ్ళ మీద నాకు కోపం రాలేదు. కానీ ఆ సరదా ఎంతసేపని. అన్నపు గుట్టల మీద నిండు గొర్రెల్ని పెట్టిన పళ్ళేలు వచ్చాయి. తిన్నారు. కొవ్వు కారే చేతుల్ని ఒకాయన మంచుకొండకి రుద్దుకుని తుడుచుకున్నాడు. ఇంకొకాయనకి అది నచ్చింది, ఆయనా రుద్దాడు. ఒకడు సిగరెట్టుని దాని నీలపు పగులులో గుచ్చి ఆర్పాడు, చుయ్ మన్న చప్పుడుకి పగలబడి నవ్వాడు. తర్వాత పుచ్చకాయలు చల్లబడాలని దాని మీదకి ఎక్కించారు. ఎర్రటి రసం, నెయ్యి, బూడిద, అన్నం మెతుకులు కలిసి పళ్ళెంలోకి కారుతున్నాయి. మన ఊళ్ళు పుట్టకముందు కురిసిన మంచు అది. ఎవరూ లేనిచోట, ఎవరి చెయ్యీ తగలకుండా, అంతదూరం జారి వచ్చి సముద్రంలో పడింది. చివరికి ఈ ఎంగిలి చేతుల కింద కరగడానికి.

ఇంకా సగం మందికి గ్లాసులు అందకముందే దాంట్లో తాగడానికి పనికొచ్చే ముక్క మిగలలేదు. ముదీర్ నన్ను చేయి పట్టుకుని గుడారం వెనక్కి లాక్కెళ్ళాడు. అక్కడ లారీలో మా ఫ్యాక్టరీ దిమ్మలు ఉన్నాయి, కూల్‌డ్రింకు సీసాల కోసం తెచ్చినవి.

"పగలగొట్టి గ్లాసుల్లో వెయ్యి."

"ఆ దిమ్మలు తాగడానికి పనికిరావు సార్. మీకూ తెలుసు."

"రోజూ వేలమంది తాగట్లేదా?"

నేను చెయ్యనన్నాను. ఆయన దువ్వెన తీయలేదు ఈసారి. తనే సుత్తి తీసుకుని దిమ్మలు పగలగొట్టాడు. పసుపు గీత ఉన్న ముక్కల్ని మాత్రం కాలితో పక్కకి నెట్టి, మిగతావి గిన్నెలకెత్తించాడు. అవి చిటపటలాడవు కదా, కనిపెడతారనుకున్నాను. ఎవరూ కనిపెట్టలేదు. మెడ నిండా గడ్డం ఉన్న ఒక పెద్దమనిషి ఆ నీళ్ళు చప్పరించి, "సుబహానల్లా! ధ్రువం రుచి ధ్రువం రుచే!" అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు తలలూపారు. కఫీల్ వాళ్ళ మధ్య నిలబడి తనూ ఆ గ్లాసే ఎత్తి తాగాడు.

మర్నాటికి విందుకి వచ్చినవాళ్ళలో చాలామందికి వాంతులు, విరేచనాలు. కఫీల్‌కి కూడా. ఊళ్ళో పరువు పోయే సంగతి. మంచుకొండ తప్పు అనడానికి లేదు, అంటే పథకం పోతుంది. ఫ్యాక్టరీ ఐసు తప్పు అనడానికి అసలే లేదు. ముదీర్ ఒక దారి కనిపెట్టాడు. లారీ డ్రైవరు చేతులు మురికివనీ, కడుక్కోకుండా మంచు ముట్టుకున్నాడనీ చెప్పాడు. ఆ రోజు విందులో భాయ్ మంచు ముట్టుకోనే లేదు, లారీ దగ్గరే కూర్చున్నాడు. ఆ సంగతి ఎవరికీ అక్కర్లేదు.

నేను కఫీల్ ఇంటికి వెళ్ళాను. పరుపు మీద పడుకుని ఉన్నాడు, ముఖం పీక్కుపోయింది. జరిగింది జరిగినట్టు చెప్పాను. డబ్బాల సంగతి, సుత్తి సంగతి, ఎవరు పగలగొట్టారో ఆ సంగతి. ఆయన కళ్ళు తెరిచి విన్నాడు. నమ్మాడు కూడా. అది ఆయన ముఖంలో నాకు స్పష్టంగా కనిపించింది.

"నాకు తెలుసు," అన్నాడు. "కానీ వాళ్ళకి ఎవరో ఒకణ్ణి చూపించాలి కదా. అతను ముసలివాడు, ఎలాగూ వెళ్ళిపోయేవాడే. ఖలాస్."

అక్కడే ఆయన మంచం పక్కన కక్కుకోవడానికి పెట్టిన పళ్ళెం ఉంది. ఆ పళ్ళేన్ని చూసినా నాకంత అసహ్యం వేయలేదు.

భాయ్ ఇఖామా రద్దు చేయించారు. ఎయిర్‌పోర్టుకి తీసుకెళ్ళే బండి వచ్చినప్పుడు ఆయన తన మట్టి కూజా నాకిచ్చాడు.

"ఆ ఐసు నువ్వు తాగబాక. దీంట్లో నీళ్ళే తాగు," అన్నాడు. "నా గురించి కొట్లాడొద్దు నాయనా. నీకు ఈడ ఎవురున్నారు?"

"మీరేమీ చెయ్యలేదు కదండీ భాయ్."

"చేసినోళ్ళని ఎవురు పంపుతారప్పా?" అని బండెక్కాడు.

బండి వెళ్ళాక నేను తిన్నగా తొట్టె దగ్గరికి వెళ్ళాను. క్రేను దించి, చిల్లుల డబ్బాలన్నీ వరసగా పైకి తీశాను. గడ్డపార తెచ్చి ఒక్కొక్కదాని అడుగూ పొడిచాను. తుప్పుపట్టిన రేకు అట్టముక్కలా చిరిగిపోయింది. పెచ్చులు, పాచి, చచ్చిన బొద్దింకలు నేల మీద పడ్డాయి. తోటి పనివాళ్ళు దూరంగా నిలబడి చూశారు కానీ ఎవరూ ఆపలేదు. ముదీర్ పరుగెత్తుకొచ్చి నోటికొచ్చినట్టు తిట్టాడు. ఆయన తిడుతున్నంతసేపూ నేను పొడుస్తూనే ఉన్నాను. చివరి డబ్బా అయ్యాక గడ్డపార ఆయన కాళ్ళ దగ్గర పడేసి గదికి వెళ్ళి పడుకున్నాను.

నన్ను కూడా పంపించేస్తారనుకున్నాను. కానీ డబ్బాలు లేకపోతే ఐసు లేదు, కొత్త డబ్బాలు బిగించి తొట్టెని మళ్ళీ నడిపించాలంటే నేను తప్ప ఎవరూ లేరు. కఫీల్ కొత్త డబ్బాలు తెప్పించాడు. బిగించాను. మొదటి దిమ్మ తేటగా వచ్చింది, అటునుంచి ఇటు వేలు కనిపించింది. ఆ పని పూర్తయ్యాక, వేరేచోట పని చూసుకోవడానికి విడుదల కాగితం అడిగాను. నన్ను చూస్తే ఆయనకీ ఇబ్బందిగానే ఉండేదేమో, మారుమాట లేకుండా సంతకం పెట్టాడు. ఆ తర్వాత కువైట్‌లో ఉన్నన్నాళ్ళూ, ఎనభైల చివరిదాకా, ఏసీ మరమ్మతుల పనిలో గడిపాను. మంచుకొండ పథకం గురించి మళ్ళీ ఎవరూ మాట్లాడలేదు. శాస్త్రవేత్త విందు మర్నాడే విమానం ఎక్కేశాడు. వెళ్ళేముందు ముదీర్ ద్వారా నాకొక స్లయిడు పంపాడు, నీలపు గోడ ఒరిగిపోతున్నది. అది నాకు చేరేసరికి దాని మీద నూనె వేలిముద్ర ఉంది.

ఒకసారి సెలవుల్లో వచ్చినప్పుడు రాయచోటి వెళ్ళాను. భాయ్ టమాటా లారీ మీద పనిచేస్తున్నాడు. ఇంటి ముందు మంచం వేసి, మజ్జిగ ఇచ్చి, కూర్చోబెట్టాడు. కడుపుమంట, కోపం ఏమీ కనబడలేదు ఆయనలో. నేనే ముదీర్నీ కఫీల్నీ తలుచుకుని తిట్టాను. ఆయన ఆ మాటలు పట్టించుకోకుండా మంచం అంచున కూర్చుని అడిగాడు.

"నాయనా, ఆ మంచు ఇంకా పడతాంటాదా సముద్రంలో?"

"పడుతూనే ఉంటుందండీ."

"సూసేటోళ్ళు ఎవురూ ల్యాకపోయినా?"

"ఎవరూ ఉండరండీ అక్కడ."

"మేలు," అన్నాడు భాయ్. "మజ్జిగ ఇంకొంచెం పోస్తాను, తాగు."